కొన్నది కారు, కొసరింది కాగితం

"కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ" అన్నారు పెద్దలు. ఆ సామెత పుట్టిన రోజుల్లో కొసరనేది ఊరికే వచ్చేది. కూరలమ్మి నాలుగు మాటలన్నా, చివరికి గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచీలో పడేసి పంపేది. ఇప్పుడు కొసరుకీ ధర కట్టారు. ఆ ధర మీద నూటికి 18 రూపాయల చొప్పున జి.ఎస్.టి. కూడా కట్టించుకుని, రసీదు చేతిలో పెట్టి, "ఇంక మీరు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోండి సార్" అని సాగనంపుతున్నారు.

ఈ కొసరు పేరు ఎక్స్‌టెండెడ్ వారంటీ. మన భాషలో పొడిగించిన పూచీ అనుకోండి. పాత కారు బేరం కుదిరి, అడ్వాన్సు చెల్లించి, తాళంచెవుల కోసం చెయ్యి చాపిన శుభ ఘడియలో ఈ కాగితం వచ్చి ఎదురుగా కూచుంటుంది. అంతవరకూ దాని ఊసే ఉండదు. కారు తలుపు వేసి తీసి, హారను కొట్టి చూసి, రంగు బాగుందని మురిసిపోయే దాకా ఆ అమ్మే పెద్దమనిషి "బండి బంగారం సార్, పది సంవత్సరాలు చూసుకోనక్కర్లేదు" అంటాడు. డబ్బు చేతిలో పడ్డాక గొంతు తగ్గించి, "ఎందుకైనా మంచిది, మిషను కదా సార్, రేపు ఇంజనుకేమైనా అయితే?" అంటాడు. ఇంతలో బంగారం ఇనుమెట్లా అయిందని మాత్రం మనం అడగం. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య.

ఈ కాగితం కొనవద్దని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. కొనదగ్గ సందర్భాలు అసలు లేవా అంటే ఉన్నాయి. వాటి సంగతి దాచను, ముందుకు వెళ్ళాక చెబుతాను. కానీ కదిరిలోనో, హిందూపురంలోనో, ధర్మవరంలోనో ఉన్న మామూలు సంసారి, నాలుగైదు లక్షల్లో పాత కారు కొనేవాడు, ఈ కాగితానికి పెట్టే డబ్బు చాలావరకు గాలిలో దీపమే.

ముందు మన వైపు పాత కార్ల బజారు ఎలా ఉందో చూడండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చి 2019లో కార్లు బయటికి రావడం మొదలయ్యాక, "మా నేలలో శనక్కాయలే కాదు, కార్లు కూడా కాస్తాయి" అని మనమందరం మీసం మెలేశాం. మెలెయ్యదగ్గ సంగతే. అయితే అక్కడ పుట్టిన కొత్త కార్లు ఎక్కడెక్కడి ఊళ్ళకో, దేశాలకో తరలిపోతుంటే, మన వీధుల్లోకి వచ్చి ఆగేది మాత్రం కె.ఎ. నంబరు పలకతో బెంగళూరు పాత బండి. 2022 ఏప్రిల్‌లో మనకి శ్రీ సత్యసాయి జిల్లా అని కొత్త పేరొచ్చింది గాని, సొంత జిల్లాలో తయారైన కారు కొత్తగా కొనే స్తోమత అందరికీ రాలేదు. అంచేత టీచరుగారు, బ్యాంకు గుమాస్తా, మల్లెపూల వ్యాపారి, ఇంటి పెళ్ళికి ముందే కారు కనబడాలనుకునే పెళ్ళికొడుకు తండ్రి, వీళ్ళందరూ బెంగళూరు బస్సెక్కుతారు.

అక్కడ జరిగే సంభాషణ ఎవరి ఇంట్లోనైనా ఒకటే. టీచరుగారికి తోడుగా బావమరిది వెళతాడు. అతనికి కార్ల గురించి తెలుసునని ఊళ్ళో పేరు. టీచరుగారు వారంటీ కాగితం చూసి సందేహిస్తుంటే ఆయన అందుకుంటాడు:

"ఏం బావా, మూడు లక్షలా ఎనభై వేలు పెట్టి బండి కొంటాండావు, పదైదు వేలకాడ ఎనకాముందూ చూస్తాండావేంది? దారిలో నిలబడిపోతే అక్కను, పిల్లోళ్ళను పెట్టుకోని ఏం చేస్తావు?"

అక్కను, పిల్లల్ని మధ్యలోకి తెచ్చాక ఏ మగవాడు సంతకం పెట్టకుండా ఉంటాడు? పెడతాడు. ఈ వ్యాపారమంతా నిలబడింది ఇంజను మీద కాదండీ, ఆ ఒక్క వాక్యం మీద.

సంతకం అయ్యాక ఆ కాగితంలో ఏముందో చూద్దాం. అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి, భాష ఇంగ్లీషు. మొదటి పేజీలో ఇంజను, గేరుబాక్సు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. లోపలి పేజీల్లో వర్తించనివాటి జాబితా ఉంటుంది. అరుగుదలకి వచ్చేవేవీ ఇందులో రావు. క్లచ్చి ప్లేటు రాదు. బ్రేకు ప్యాడ్లు రావు. టైర్లు, బ్యాటరీ, బల్బులు, వైపర్లు, బెల్టులు, రబ్బరు గొట్టాలు సాధారణంగా రావు. ఆయిలు, ఫిల్టర్లు సరేసరి. కారు తోలేవాణ్ణి ఎవరినైనా అడగండి, ఐదారేళ్ళు తిరిగిన బండికి ఏడాదిలో వచ్చే ఖర్చు ఏమిటని. ఈ రాని వస్తువుల జాబితానే ఒక్కొక్కటిగా చదువుతాడు.

అంతటితో అయిందా? మన వైపు శనక్కాయల మూటలున్న కొట్టం పక్కన కారు నిలిపితే ఎలుకలు దూరి వైర్లు కొరుకుతాయి. అది వారంటీ కింద రాదు. వంక పొంగినప్పుడు నీళ్ళలో తోలితే ఇంజనులోకి నీరు పోతుంది. అదీ రాదు. సర్వీసు నెల ఆలస్యమైతే, ఆ ఆలస్యమే కారణంగా చూపించి క్లెయిము తోసిపుచ్చవచ్చు. మనకి నమ్మకమైన మెకానిక్కు బస్టాండు దగ్గర షెడ్డులో నట్టు విప్పితే, "మా అనుమతి లేకుండా విప్పారు" అంటారు. కొనకముందే ఉన్న లోపమైతే పనికిరాదు. పాత కారులో వచ్చిన లోపం ఎప్పుడు పుట్టిందో ఎవడు చెప్పగలడు? తేల్చేవాడు వాళ్ళ మనిషే. న్యాయమూర్తీ ఆయనే, ప్రతివాదీ ఆయనే.

పైగా బండి ఆగిన చోట బాగుచెయ్యరు. వాళ్ళు చెప్పిన వర్క్‌షాపుకి చేర్చాలి. కదిరి నుంచి అనంతపురం సుమారు తొంభై కిలోమీటర్లు. బండి కొన్న దుకాణం బెంగళూరులో ఉండి, "మా దగ్గరికే తీసుకురండి" అంటే దూరం ఇంకా పెరుగుతుంది. తోలుకెళ్ళే లారీ బాడుగ ఎవరిది, బండి అక్కడ పడున్న పది రోజులూ మన రానుపోను ఖర్చులెవరివి? కొన్ని కాగితాల్లో తోలుకెళ్ళడానికి ఇంతని రాస్తారు, కొన్నిటిలో ఆ ఊసే ఉండదు.

ఇంకొక షరతు ఉంది. మిగతావన్నీ జేబుకి తగిలే దెబ్బలైతే ఇది కడుపు మీద కొట్టేది. చదువు అయిపోయి, బెంగళూరులో ఉద్యోగం దొరక్క తిరిగొచ్చిన కుర్రవాడు, తల్లి మెళ్ళో గొలుసు బ్యాంకులో పెట్టి పాత కారు కొంటాడు. పుట్టపర్తికో, తిరుపతికో, బెంగళూరు ఆస్పత్రులకో మనుషుల్ని చేరవేసి బతుకుదామని. నెలనెలా కంతు కట్టాలి కనక, బండి ఆగితే ఇల్లు ఆగుతుందని వాడికి అందరికన్నా ఎక్కువ భయం. అందుకే అందరికన్నా ముందు వాడే వారంటీ కొంటాడు. తీరా చూస్తే, బాడుగకి తిప్పే బండికి ఈ పూచీ చెల్లదని లోపలెక్కడో రాసి ఉంటుంది. ఇలాంటి వారంటీల్లో చాలావాటికి ఈ షరతు మామూలే. ఎవరికి అవసరం ఎక్కువో వాడికే చెల్లని వస్తువుని వాడికే అమ్మడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో నాకు తెలీదు. "నువ్వు ఈ బండి దేనికి వాడతావు నాయనా?" అని ఒక్క ప్రశ్న అమ్మేటప్పుడు అడిగితే సరిపోయేది. అడగరు. క్లెయిముకి వెళ్ళినప్పుడు అడుగుతారు.

ఇక లెక్క చూద్దాం. మనది శనక్కాయల బజారున్న ఊరు, లెక్కకి వెనుదీయం. ఊహకి ఒక అంకె అనుకోండి. వారంటీ ధర 15,000. దాని మీద 18 శాతం పన్ను 2,700. మొత్తం 17,700 రూపాయలు, ఏడాదికి. ఎదురుగా పెద్ద రిపేరు, గేరుబాక్సు లాంటిది, 60,000 అవుతుందనుకుందాం. 17,700ని 60,000తో భాగిస్తే దాదాపు మూడు పదో వంతులు. అంటే ఇలాంటి కార్లు పది ఉంటే, ఏడాది తిరక్కుండా వాటిలో మూడింటికి అంత పెద్ద రిపేరు వచ్చి, ఆ మూడు క్లెయిములూ ఒక్క రూపాయి కొయ్యకుండా మంజూరైతేనే ఈ కాగితం కొన్నవాళ్ళకి అసలు గిట్టుబాటు. పదింట మూడు ఏడాదిలో కూలబడే రకం బండి అయితే, దానికి వారంటీ తీసుకోవడం కాదు, ఆ బండే తీసుకోకూడదు. అంతగా కూలబడని రకమైతే కాగితం దండగ. ఎటు తిప్పినా లెక్క ఒక చోటికే వస్తుంది.

వస్తుంది ఎందుకంటే, అమ్మేవాడు మనకన్నా ముందు ఈ లెక్క వేసుకునే ధర పెట్టాడు. మనం కట్టిన దాంట్లో రిపేర్లకి పోయే భాగం ఉంటుంది, అమ్మిన దుకాణానికి కమీషను ఉంటుంది, కంపెనీ లాభం ఉంటుంది, పన్ను ఉంటుంది. ఇవన్నీ పోగా మిగిలినదే పదిమందికి కలిపి తిరిగొచ్చేది.

"డబ్బు లెక్కలు అలా ఉంచండి, మనశ్శాంతికి విలువ లేదా?" అంటారు. ఇదొక్కటే వాళ్ళ వైపు గట్టి వాదన, దీన్ని తేలిగ్గా తోసెయ్యడం నాకిష్టం లేదు. భయం నిజమైనదే. జీతం వచ్చిన పదో తారీఖుకే ఖర్చయ్యే ఇంట్లో ఒక్కసారిగా అరవై వేలంటే కొంప కొల్లేరే. కానీ మనశ్శాంతి కాగితం కొంటే రాదు, కాగితం పనిచేస్తే వస్తుంది. వైరు తెగినా, క్లచ్చి పోయినా, బ్యాటరీ దిగినా కారు దారిలో ఆగుతుంది. కాగితం జేబులో ఉండగానే ఆగుతుంది. అక్కా, పిల్లలూ రోడ్డు పక్కనే నిలబడతారు.

ఆ మాటకొస్తే పూచీ అనేది దేనికి కొనుక్కోవాలన్న దానికి ఒక పద్ధతుంది. నష్టం వస్తే మనం కోలుకోలేం అన్నవాటికి కొనుక్కోవాలి. మన బండి కింద ఎవరైనా పడితే కట్టవలసిన పరిహారం మనం ఏడు జన్మలెత్తినా కట్టలేం. అందుకే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చట్టం తప్పనిసరి చేసింది. ఇంటి యజమాని ఆస్పత్రి పాలైతే సంసారం చితికిపోతుంది, అంచేత ఆరోగ్య బీమా కావాలి. గేరుబాక్సు పోతే కష్టమే గాని సంసారం చితకదు. మనవాళ్ళలో విచిత్రమేమిటంటే, ఆరోగ్య బీమా "తర్వాత చూద్దాంలే" అని వదిలేసి, కారు గేరుబాక్సుకి బీమా చేయించిన పెద్దమనుషులున్నారు. ఇంటాయన గుండెకి లేని పూచీ కారు గుండెకి ఉంది!

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చుకుందాం. "ఎలాగూ ఫుల్ ఇన్సూరెన్సు ఉంది కదా, ఇంజను పోతే అందులో వస్తుంది" అనుకునేవాళ్ళున్నారు. రాదు. గుద్దుకుంటే, దొంగలెత్తుకుపోతే, కాలిపోతే వస్తుంది. దానంతటది అరిగి విరిగిపోతే మామూలు మోటారు పాలసీలో రాదు. ఈ ఖాళీని చూపించే వారంటీ అమ్ముతారు, అది నిజమే. ఖాళీ ఉన్నంత మాత్రాన దాన్ని ఏ ధరకైనా పూడ్చాలని లేదు కదా.

అమెరికాలో జార్జ్ అకర్‌లాఫ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. దాని పేరులోనే నిమ్మకాయలున్నాయి. వాళ్ళ వాడుకలో లొడితె కారుని నిమ్మకాయ అంటారు. మనం కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. వాళ్ళకి కారే నిమ్మకాయ. ఆయన చెప్పింది ఇది: కారులో ఏ లోపముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందువల్ల కొనేవాడు అన్నింటికీ లొడితె ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మనంటాడు. చివరికి బజారులో నిమ్మకాయలే మిగులుతాయి. ఈ సమస్యకి విరుగుడుగా ఆయన చూపించిన వాటిలో అమ్మేవాడిచ్చే హామీ ఒకటి. 2001లో మరో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

"చూశారా, నోబెల్ పండితుడే హామీ మంచిదన్నాడు!" అని ఎగిరి గంతెయ్యకండి. ఆయన అన్న హామీ అమ్మేవాడు తన నెత్తిన పెట్టుకునే హామీ. "నా బండి ఆర్నెల్లలో చెడితే ఖర్చు నాది" అని ధరలోనే కలిపి రాసిచ్చేవాడు, బండి మంచిదైతేనే ఆ ధైర్యం చేస్తాడు. అది సాక్ష్యం. అదే హామీని విడిగా, అదనపు సొమ్ముకి అమ్మితే అందులో సాక్ష్యమేముంది? బండి మంచిదైనా కమీషను వస్తుంది, చెడ్డదైనా కమీషను వస్తుంది. కాగితం చూసి బండి గురించి మనకి కొత్తగా తెలిసింది శూన్యం. కంపెనీల పేరున పాత కార్లమ్మే దుకాణాలు కొన్ని, తాము తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చిన బండికి ఆర్నెల్లో, ఏడాదో పూచీ ధరలోనే కలిపి ఇస్తున్నాయి. అటువంటిది పుచ్చుకోండి, సంతోషంగా పుచ్చుకోండి. అది కొసరు. నేను తిడుతున్నది కొసరు వేషం వేసుకున్న సరుకుని.

ఇంత దూరం అమెరికా వెళ్ళనక్కర్లేదు, మన శనక్కాయ విత్తనాల సంచీ చూడండి. కదిరిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 రకం పేరు రైతులకి చెప్పాలా? సర్టిఫై చేసిన విత్తనం సంచీకి ఒక చీటీ కట్టి ఉంటుంది. ఆ చీటీ 1966 నాటి విత్తనాల చట్టం కట్టించింది. శనక్కాయ అయితే నూటికి కనీసం 70 గింజలు మొలకెత్తాలని ప్రమాణం. ఆ చీటీకి విడిగా ధర లేదు. "మొలక పూచీ కావాలంటే ఇంకో ఐదొందలివ్వు రెడ్డీ" అని ఏ విత్తనాల వ్యాపారీ అడగడు. అడిగితే రైతు సంచీ వదిలేసి వెళతాడు. అంతటితోనూ ఆగడు మన రైతు. నాలుగు గింజలు తడిగుడ్డలో చుట్టి, మూడు నాలుగు రోజులయ్యాక విప్పి మొలకలు లెక్కపెట్టుకుంటాడు. చీటీ ఉన్నా తన కన్నుతో చూసుకుంటాడు. ఎద్దుల సంతలో పళ్ళు పట్టి చూడకుండా, కాడి కట్టి నడిపించకుండా ఎవడైనా కొన్నాడా? అటువంటి వంశంలో పుట్టినవాళ్ళం, కారు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళలో బర్రెను బేరం చేస్తున్నాం. పైమెరుగులకి మురిసిపోవద్దన్న వేమన సమాధి మనకి పక్కనే కటారుపల్లిలో ఉంది. ఆయనకి తెలిస్తే ఏమనుకుంటాడు!

కాబట్టి ఆ 17,700తో చెయ్యవలసిన పనులు ఇవి. మొదట, బేరానికి ముందే, అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్కుని వెంట తీసుకెళ్ళండి. ఆయన ఒక రోజు కూలీ, భోజనం, బస్సు ఛార్జీలు మీరే భరించండి. బావమరిదికి ఇచ్చే కాఫీ కన్నా ఇది లాభం. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించండి. ముందుగానే వేడెక్కించి ఉంచితే ఎందుకుంచారని అడగండి. పొగ రంగు చూడండి. కంప్యూటరు స్కానరు తగిలించి చూపించమనండి. నంబరు చెప్పి కంపెనీ వర్క్‌షాపులో పాత సర్వీసుల చరిత్ర తెప్పించుకోండి. మీటరులో నలభై వేల కిలోమీటర్లుండి, రెండేళ్ళ కిందటి సర్వీసు కాగితంలో డెబ్భై వేలుంటే ఆ బండి వెనక్కి నడిచిందన్నమాట.

బెంగళూరు బండి అయితే మరొకటి చూడాలి. 2022 సెప్టెంబరులో అక్కడ వానలకి పెద్ద పెద్ద కాలనీలే మునిగాయి, సెల్లార్లలో కార్లు నీళ్ళలో తేలాయి. అలాంటివి కడిగి, తుడిచి, సెంటు కొట్టి ఎక్కడికో పంపే ఉంటారు. కాళ్ళ కింద పట్టా ఎత్తి వాసన చూడండి. సీటు కింద ఇనుప పట్టాలకి తుప్పుందేమో వేలితో రాయండి. అనుభవమున్న మెకానిక్కు ఒక్కసారి వంగి చూసి, "సామీ, ఇది నీళ్ళలో మునిగిండాది, మనకొద్దు" అంటాడు. ఆ ఒక్క మాట ఏ వారంటీకన్నా విలువైనది. నీళ్ళ దెబ్బ ఎలాగూ వారంటీలో రాదని ఇందాకే చెప్పుకున్నాం.

రెండవది, కాగితాలు. ఆర్.సి. మీద ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్న వాటితో సరిచూడండి. పాత అప్పు తీరినట్టు బ్యాంకు కాగితముందా? చలాన్లు బాకీ ఉన్నాయా? కర్ణాటక బండి అయితే అక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఎన్.ఓ.సి. రావాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలి. అంటే మన రాష్ట్రపు లైఫ్ టాక్సు కట్టాలి. ఇది వారంటీ ధరకి ఎన్నో రెట్లుంటుంది. "చౌకగా కొట్టేశాం" అని వచ్చినవాళ్ళు చెక్‌పోస్టు దగ్గర కళ్ళు తేలెయ్యడం ఇందుకే. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మన పేరుకి మార్చమని అడగాలి. వారంటీ సంతకం శ్రద్ధగా పెట్టినవాళ్ళే ఈ సంతకం మరిచిపోతారు.

మూడవది, మిగిలిన డబ్బు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో కారు పేరున విడిగా వేసుకోండి. ఏడాదికి 17,700 అయితే మూడేళ్ళకి 53,100, వడ్డీ అదనం. దీనికి వర్తించనివాటి జాబితా లేదు. క్లచ్చి ప్లేటుకీ వర్తిస్తుంది, ఎలుక కొరికిన వైరుకీ వర్తిస్తుంది, బాడుగ బండికీ వర్తిస్తుంది. కారు చెడకపోతే అమ్మాయి కాలేజీ ఫీజుకీ వర్తిస్తుంది. మంజూరు చేసే ఆఫీసరు మన ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ దగ్గర మంజూరు కష్టమంటారా, అది వేరే వ్యాసం.

కొనదగ్గ సందర్భాలు చెబుతానన్నాను. బండి తయారుచేసిన కంపెనీయే ఇచ్చిన అసలు వారంటీ ఇంకా మిగిలి ఉండి, కొత్త యజమాని పేరుకి మారుతుందని రాతపూర్వకంగా తేలితే, ఆ బండికి కొంచెం ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఆ గడువు తీరకముందే కంపెనీయే పొడిగించే పూచీ, దేశంలో ఆ కంపెనీ వర్క్‌షాపు ఎక్కడున్నా చెల్లేది, ధర మితంగా ఉంటే, అందులోనూ ఆటోమేటిక్ గేరు, టర్బో ఇంజను లాంటి ఖరీదైన సామాను ఉన్న బండి అయితే, తీసుకోవడంలో తెలివి ఉంది. కరెంటు కారుకి చాలా కంపెనీలు బ్యాటరీ మీద 8 ఏళ్ళ పూచీ ఇస్తున్నాయి. అది రెండో యజమానికి ఎంతవరకు దక్కుతుందో అడక్కుండా బయానా ఇవ్వకండి. ఇంతే. దుకాణం వాడు ఎవరో మూడో కంపెనీ పేరున బల్ల మీదికి తోసే కాగితం ఈ కోవలోకి రాదు.

బండిలో లోపం దాచి అమ్మితే గతి ఏమిటంటారా? కాగితం కొన్నా కొనకపోయినా, వ్యాపారం చేసే దుకాణంలో కొన్నవాడికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కొన్నది బెంగళూరులోనైనా మనం కాపురమున్న చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. బతుకుతెరువు కోసం తానే తోలుకునే కుర్రవాడు కూడా ఈ చట్టం కింద వినియోగదారుడే. వారంటీ కాగితం తోసేసిన వాణ్ణి చట్టం చేరదీసిందన్నమాట. అందుకే అమ్మేవాడు నోటితో చెప్పే "బండి బంగారం" అన్న మాటని, ప్రమాదం జరగలేదు, నీళ్ళలో మునగలేదు, మీటరు తిప్పలేదు అని మూడు ముక్కలుగా కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఈ సంతకానికి డబ్బు అడగడు. అడగడు గాని, పెట్టడానికి వెనకాడితే మాత్రం మీరు లేచి వచ్చెయ్యవచ్చు.

చివరగా ప్రభుత్వం వారికి ఒక మనవి. అమెరికాలో 1985 నుంచి పాత కారు అమ్మే దుకాణదారు, బండికి పూచీ ఉందో లేదో, ఉంటే దేనికెంతో రాసిన కాగితం కారు అద్దానికి అంటించాలి. మన దేశంలో 2022 డిసెంబరులో పాత బండ్ల దుకాణాలకి నిబంధనలు తెచ్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దుకాణదారు అధికార పత్రం పొందాలి, బండి తన చేతికి వచ్చిందని ఆర్.టి.ఓ.కి తెలపాలి. మంచి పనే. ముఖ్యంగా బండి ఎవరిదో తేల్చే నిబంధనలివి. బండి ఎలాంటిదో తేల్చే చీటీ ఒకటి కూడా అద్దానికి కట్టించండి, విత్తనాల సంచీకి కట్టినట్టు. వారంటీ అమ్మదలిస్తే, వర్తించనివాటి జాబితా మొదటి పేజీలో, పెద్దక్షరాల్లో, తెలుగువాడికి తెలుగులో, కన్నడిగుడికి కన్నడంలో ఇప్పించండి. "బాడుగకి తిప్పితే చెల్లదు" అన్న వాక్యం అన్నిటికన్నా పైన ఉండాలి. సంతకం పెట్టిన పదిహేను రోజుల్లోపు మనసు మార్చుకుంటే డబ్బు వాపసు ఇవ్వాలి.

అంతవరకూ బెంగళూరు బస్సెక్కేవాళ్ళకి ఒకటే మాట. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. పాత కారుకీ అంతే, ఏటేటా కొంత దాణా పడుతూనే ఉంటుంది. ఆ దాణా ఏదో మన గుర్రానికే పెట్టుకుందాం. దుకాణంలో కాగితం గుర్రానికి మేపవలసిన అవసరం మనకేం వచ్చింది?